ఊరంతా వచ్చినా నిండని స్టేడియం

2019 మే 15, బుధవారం. నేనప్పుడు ఉక్రెయిన్ లోని జపొరీజియాలో ఎంబీబీఎస్ థర్డ్ ఇయర్. మర్నాడు టెస్ట్ ఉంది, చదివింది సున్నా, అయినా మా సీనియర్ అన్న ఒకాయన "రేయ్ ఉక్రెయిన్ ఫుట్ బాల్ కప్ ఫైనల్ మన ఊళ్ళోనే పెట్టార్రా, షాఖ్తర్ ని ఇంత దగ్గర్నుంచి మళ్ళీ చూడలేం" అని హాస్టల్ నుంచి లాక్కెళ్ళిపోయాడు. మార్ష్రుత్కా, అంటే మినీ బస్సు, ఎక్కి స్లావుతిచ్ అరెనా స్టేడియం దగ్గర దిగాం. షాఖ్తర్ అంటే అక్కడి పెద్ద క్లబ్, నాకు కావాల్సింది అందులో ఆడే బ్రెజిలియన్లు. అవతల ఎవరో కూడా తెలీదు. బోర్డ్ మీద కూడబలుక్కుని చదివా, ఇంగులెత్స్ అని. (మాకు క్లాస్ లో నేర్పింది రష్యన్ కాబట్టి అలా చదివా, ఉక్రేనియన్ లో అదే అక్షరాన్ని హ అంటారు, ఇన్హులెత్స్ అనాలి.)

పక్క సీట్లో ఒక పెద్దాయన. పొద్దుతిరుగుడు గింజలు, అదే సెమెచ్కి, నములుతూ తొక్కలు ఉమ్ముతున్నాడు, నాకూ గుప్పెడు పోశాడు. ఏ ఊరు అంటే పెత్రోవె అన్నాడు. పెద్ద ఊరా అనడిగా. స్టాండ్స్ అన్నీ చేత్తో ఒక చుట్టు చూపించి, మా ఊరంతా పిల్లాజెల్లాతో ఇక్కడికొచ్చి కూర్చున్నా ఇంకా సీట్లు మిగుల్తాయి అన్నాడు. నేను జోక్ అనుకున్నా. రూమ్ కొచ్చి నెట్ లో చూస్తే నిజమే, స్టేడియం పట్టేది దాదాపు 12 వేలు, పెత్రోవె జనాభా ఏడెనిమిది వేలు! కిరొవొహ్రాద్ ప్రాంతంలో పల్లెకి ఎక్కువ పట్నానికి తక్కువ, మన మండల కేంద్రం లాంటిది. ఊరి పక్కన పారే ఇన్హులెత్స్ నది పేరే వాళ్ళ టీమ్ కి పెట్టుకున్నారు, మనవాళ్ళు వంశధార అనో పెన్నా అనో పెట్టుకున్నట్టు.

మ్యాచ్ సంగతా, ఇన్హులెత్స్ 4-0 తో చిత్తు. షాఖ్తర్ కి అది మామూలు రోజే, కోచ్ ఫొన్సెకా కప్ పట్టుకుని వచ్చే నెలకల్లా ఇటలీ క్లబ్ రోమా కి వెళ్ళిపోయాడు. కానీ ఫస్ట్ లీగ్ నుంచి, పేరుకే ఫస్ట్ గానీ అది రెండో అంచె లెండి, ఒక టీమ్ కప్ ఫైనల్ దాకా రావడం ఉక్రెయిన్ లో అదే మొదటిసారి. మూడో గోల్ పడ్డాక కూడా మా పెద్దాయన గింజలు ఆపలేదు, సీటూ వదల్లేదు.

ఆ రాత్రి టెస్ట్ కి చదవకుండా ఈ ఇన్హులెత్స్ క్లబ్ గురించే చదివా. పెట్టిందే 2013లో, అంటే ఫైనల్ ఆడేనాటికి వయసు ఆరేళ్ళు. పెట్టినాయన ఒలెక్సాండర్ పొవొరొజ్న్యుక్ అని వ్యవసాయ కంపెనీ ఓనర్. ముందు అమెచ్యూర్ పోటీలు, 2015లో సెకండ్ లీగ్, అంటే మూడో అంచె, ఒక్క సీజన్ లోనే అది దాటేసి 2016లో ఫస్ట్ లీగ్. కొన్నాళ్ళు వాళ్ళ రెండో టీమ్ కూడా సెకండ్ లీగ్ లో ఆడింది, ఏడెనిమిది వేల మంది ఊరికి రెండు ప్రొఫెషనల్ టీములు అంటే నాకైతే నవ్వూ వచ్చింది కుళ్ళూ వచ్చింది, మాదీ మండల కేంద్రమే, మాకున్న హైస్కూల్ గ్రౌండ్ లో సగం సంత, సగం గేదెలు.

గోధుమ, పొద్దుతిరుగుడు పండే ఆ నేలలో ఇదొక్కటే కాదు. కీవ్ దగ్గర కొవాలివ్కా అనే పల్లె టీమ్ కొలొస్, అంటే వెన్ను, గింజ వెన్ను, 2020లో యూరప్ క్లబ్బులు ఆడే యూరోపా లీగ్ క్వాలిఫయింగ్ లో గ్రీస్ వెళ్ళి అక్కడి టీమ్ అరిస్ ని ఓడించి వచ్చింది. అక్కడ పొలం డబ్బులు ఫుట్ బాల్ లోకి పారుతున్నాయి. బావుంది, కానీ నాకు భయం కూడా. ఒక మనిషి జేబు మీద నిలబడ్డ క్లబ్ ఆ జేబు చిరిగిన రోజు ఏమవుద్ది? అదే ప్రాంతంలో పెద్ద పట్నం క్రొపివ్నిత్స్కీ టీమ్ జిర్కా 2018లో ప్రీమియర్ లీగ్, అంటే అన్నిటికన్నా పై అంచె, నుంచి జారి, తర్వాత కొన్నేళ్ళు ప్రొఫెషనల్ ఫుట్ బాల్ లోనే కనపడలేదు. రెండు లక్షలకి పైగా జనం ఉన్న ఊరది.

ఇన్హులెత్స్ మాత్రం 2020లో ప్రీమియర్ లీగ్ కి ఎక్కేసింది. నేను హాస్టల్ లో ఒక్కడినే గంతులేశా, అప్పటికి ఆ సీనియర్ అన్న ఇండియా వచ్చేశాడు. అక్కణ్ణుంచి కథ లిఫ్ట్ లాంటిదే, 2023లో కిందికి, 2024లో పైకి, 2025లో మళ్ళీ కిందికి.

మధ్యలో 2022 ఫిబ్రవరి 24 వచ్చింది, రష్యా దాడి మొదలుపెట్టిన రోజు. నా ఫైనల్ ఇయర్. ఆ సీజన్ అక్కడే ఆగిపోయింది, ఛాంపియన్ అనే మాటే లేదు. చెర్నిహివ్ లో దెస్నా వాళ్ళ స్టేడియం బాంబులకి కూలింది, ఆ టీమూ మరియుపోల్ టీమూ తర్వాతి సీజన్ కి రాలేదు. మేం లైట్లు ఆర్పేసిన రైల్లో, సీటుకి నలుగురు చొప్పున కూర్చుని పడమర సరిహద్దు కి పోయాం. ఆగస్టులో లీగ్ మళ్ళీ మొదలైంది, ప్రేక్షకుల్లేకుండా. సైరన్ మోగితే ఆట ఆపి అందరూ షెల్టర్ లోకి పోవాలి, మళ్ళీ వచ్చి వార్మప్ చేసి ఆడాలి. ఒక మ్యాచ్ అయితే అలా ఆగీ ఆగీ నాలుగు గంటలు పైనే పట్టింది. నేను ఇంట్లో కూర్చుని ఫోన్ లో స్కోర్ చూస్తుంటే నిమిషం నంబర్ అలాగే నిలబడిపోయేది, మొదట్లో నెట్ పోయిందేమో అనుకునేవాణ్ణి.

ఆ ఫైనల్ రోజు బయట కొన్న ఇన్హులెత్స్ స్కార్ఫ్ ఒకటి ఉండాలి నాది. ఒక్క బ్యాగే తీసుకెళ్ళమంటే దాన్ని హాస్టల్ బీరువా పై అరలో వదిలేసి వచ్చా, అనాటమీ పుస్తకాల వెనకాల. ఎవరికైనా దొరికితే వాడుకోండి, అక్కడ చలెక్కువ.