కడపలో సముద్రం ఎక్కడుంది సార్?

"ఈ మధ్య సముద్రంలో దిగారా?" అని డాక్టరు అడిగితే అంత నొప్పిలోనూ నవ్వొచ్చింది. కడపలో సముద్రమెక్కడ సార్, మా ఊరి వాగు బుగ్గవంకకు నీళ్లొస్తేనే చూడ్డానికి పోతాం మేము. "పోనీ, పచ్చి చేపలు, రొయ్యలు ముట్టుకున్నారా?" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది.

ఆదివారం నెల్లూరు నుంచి మా బావ థర్మాకోల్ పెట్టెలో ఐసు వేసి సముద్రపు రొయ్యలు బస్సులో పంపాడు. ఒలుస్తుంటే తల మీది ముల్లు చూపుడు వేల్లో దిగింది. చుక్క నెత్తురు. కుళాయి కింద కడిగి మళ్లీ ఒలవడంలో పడ్డాను. సంగటిలోకి రొయ్యల కూర అద్భుతంగా కుదిరింది. తిన్నవాళ్లెవరికీ ఏమీ కాలేదు. నా వేల్లో దూరిన క్రిమి బాగా ఉడికితే చస్తుందట.

సోమవారం పొద్దుటికి వేలు అరటిపండులా వాచింది, సాయంత్రానికి వాపు మణికట్టు దాటింది. చలి, జ్వరం. ఫ్రిజ్ మీద డబ్బాలో పోయినసారి పంటినొప్పికి మిగిల్చిన అమాక్సిసిలిన్ ఉంది. నొప్పి తగ్గగానే మందు ఆపేసి మిగిలినవి దాచుకోవడం మా ఇంటి ఆచారం. అవే మింగాను. మంగళవారం తెల్లారేసరికి చెయ్యి మీద నల్లటి బొబ్బలు. నాకు పన్నెండేళ్లుగా షుగరు. మా ఆవిడ ఒక్కమాట కూడా తిట్టలేదు. టెన్షన్ పుట్టింది దానికే.

అదే రోజు వేలు కోసి చీము, చచ్చిన కండ తీసేశారు. చీములో ఏ క్రిమి ఉందో పెంచి చూసే కల్చర్ పరీక్షకు పంపి, రిపోర్టు కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్, సెఫ్టాజిడిమ్ అనే యాంటీబయాటిక్ మందులు మొదలుపెట్టారు. రెండ్రోజులకు రిపోర్టులో "విబ్రియో" అని వచ్చింది. వెచ్చటి ఉప్పునీళ్లలో బతికే బ్యాక్టీరియా. షుగరు, లివరు జబ్బు ఉన్నవాళ్లకు గాయంలో దూరిందంటే గంటల్లో ముదురుతుంది. కింద మందుల పట్టికలో ఆంపిసిలిన్ ఎదురుగా "ఆర్" అని ఉంది, అంటే లొంగదని. నేను మింగిన అమాక్సిసిలిన్ దానికి తమ్ముడులాంటిది.

"నేను సగంసగం మందులు వాడినందుకేనా సార్?" అని అడిగాను. కాదన్నాడు. కొన్ని విబ్రియోలకు ఆంపిసిలిన్‌ను తట్టుకోవడం పుట్టుకతోనే వచ్చిందట. మిగతా మందులను తట్టుకునే శక్తి వాటికి నీళ్లలోనే దొరుకుతోంది. ఊళ్ల మురుగు, ఆసుపత్రుల మురుగు, రొయ్యల చెరువుల్లో పోసిన మందులు చివరికి చేరేది సముద్రానికే. అక్కడ బ్యాక్టీరియా ఆ శక్తినిచ్చే జన్యువులను ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకుంటాయి. మంచం మీద పడుకుని లెక్కేసుకున్నాను: మా వీధి కాలువ బుగ్గవంకలోకి, బుగ్గవంక పెన్నలోకి, పెన్న నెల్లూరు దాటి సముద్రంలోకి.

పదకొండు రోజులకు ఇంటికొచ్చాను. వేలు ఇప్పటికీ పూర్తిగా ముడవలేను, చొక్కా పైగుండీ మా ఆవిడే పెడుతుంది. వచ్చినరోజే ఆమె ఫ్రిజ్ మీది డబ్బా తీసి మాత్రలన్నీ సింకులో పోయబోయింది.

"అందులో వద్దు" అన్నాను.

"మరి యాడ పారేయాల?"

డబ్బా ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది.