ఎట్లా ఎక్కించాలో అడిగిన మనిషి

నాలుగో తరగతి పరీక్షలు అయిపోగానే నా మేనకోడలు హైదరాబాదు శివారులో ఉన్న ఒక వినోదాల పార్కుకు తీసుకెళ్ళమని పట్టుబట్టింది. అత్తమ్మనైన నేను రాకపోతే తాను కూడా వెళ్ళనని తేల్చి చెప్పింది. రెండేళ్ళ వయసులో వచ్చిన పోలియో నా రెండు కాళ్ళ బలాన్నీ తీసుకుపోయింది. చాలా ఏళ్ళు కాలిపర్లతో, అంటే కాళ్ళకు ఆసరాగా కట్టుకొనే కడ్డీలతో నెట్టుకొచ్చి, 16 ఏళ్ళ కిందట చక్రాల కుర్చీకి మారాను. అటువంటి పార్కులో నాకేం పని అని నాకూ అనిపించింది. కానీ ఆ పిల్ల ఎదుట ఆ మాట అనటానికి మనసొప్పలేదు. తమ్ముడు ముందుగా పార్కుకు ఫోను చేసి అడిగితే, చక్రాల కుర్చీ వాళ్ళకు అన్ని సౌకర్యాలూ ఉన్నాయని జవాబు వచ్చింది.

ప్రయాణానికి ముందు రోజు మధ్యాహ్నం నుంచే నీళ్ళు తాగటం తగ్గించాను. కుర్చీలో తిరిగే ఆడవాళ్ళలో ఈ అలవాటు లేనివాళ్ళను నేను ఇంతవరకు చూడలేదు. ఫ్లోరైడు నీళ్ళు తాగి నడుములు వంగిపోయిన మనుషుల మధ్య నల్లగొండ జిల్లాలో పెరిగినవాళ్ళం కాబట్టి నీళ్ళకు భయపడటం మాకు కొత్త కాదు. అయితే కృష్ణా నీళ్ళు ఇంటి నల్లాలోకి వచ్చిన తర్వాత కూడా ఊరికి బయలుదేరిన ప్రతిసారీ నేను దాహంతోనే ఉంటున్నానంటే, దానికి కారణం మరుగుదొడ్ల తలుపులు.

నల్లగొండలో తెల్లవారుజామున ఎక్స్‌ప్రెస్ ఎక్కాము. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం కాబట్టి నాకూ మేనకోడలికీ జీరో టికెట్లు ఇచ్చారు, తమ్ముడికి మాత్రం డబ్బులు పడ్డాయి. టికెట్టుకు డబ్బులు లేకపోయినా మెట్లు మెట్లే గనుక, తమ్ముడు నన్ను వీపున వేసుకొని బస్సులోకి ఎక్కించి, కుర్చీ మడిచి డిక్కీలో పెట్టి వచ్చాడు. నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ దాటి ఎల్బీనగర్‌లో దిగేసరికి ఎండ ఎక్కింది. అక్కడి నుంచి పార్కుకు ఆటో అతను, కుర్చీ కూడా ఉందంటూ, మామూలు కిరాయి మీద మరో 200 రూపాయలు వసూలు చేశాడు. పార్కు టికెట్లు ముగ్గురికీ కలిపి 4 వేలు దాటాయి. నేను ఎన్ని ఆటలు ఎక్కగలనో, ఏవి ఎక్కకూడదో ఆ కిటికీ దగ్గర ఎవరూ చెప్పలేదు, పూర్తి ధర మాత్రం తీసుకున్నారు.

సౌకర్యాలు అన్న మాటకు అర్థం లోపలికి వెళ్ళాక తెలిసింది. భోజనశాలకు ర్యాంపు ఉంది. అరుగు ఎత్తు అడుగున్నర, ర్యాంపు పొడవు ఆరడుగులు. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలన్నది మన దేశపు ప్రమాణం, అంటే అక్కడ 18 అడుగుల వాలు కట్టవలసింది. ఆ ఆరడుగుల మీద తమ్ముడు వెనుక నుంచి నెడుతున్నప్పుడు కుర్చీ ముందు చక్రాలు గాలిలోకి లేచాయి, మేనకోడలు భయపడి నా మోకాళ్ళను రెండు చేతులా అదిమిపట్టుకుంది. ఇక మరుగుదొడ్డికి తలుపు మీద చక్రాల కుర్చీ బొమ్మ ఉంది. నా కుర్చీ వెడల్పు 25 అంగుళాలు, ఆ తలుపు 24. నీళ్ళు తాగకుండా వచ్చినందుకు నన్ను నేను మెచ్చుకోవలసి రావటం ఎంత బాధాకరమో ఎలా చెప్పాలో తెలియటం లేదు.

పిల్ల నీటి ఆటలు ఆడుకున్నంతసేపూ నేను గట్టు మీదే ఉన్నాను. బేరింగుల్లోకి నీళ్ళు వెళితే కుర్చీ పాడవుతుంది కాబట్టి ఆ ఆటలు ఆడలేదన్న దిగులు నాకు లేదు. నేను ఎక్కాలనుకున్నది రంగులరాట్నం, అంటే పైకి తిరిగే పెద్ద చక్రం. వరసలో 40 నిమిషాలు ఉండి మా వంతు వచ్చాక అక్కడి ఉద్యోగి నన్ను ఒకసారి చూసి, నాతో కాకుండా తమ్ముడితో, "ఆమెకు కుదరదు" అన్నాడు. కారణం అడిగితే రెండు చెప్పాడు. చక్రం పూర్తిగా ఆగదు, నెమ్మదిగా కదులుతుండగానే పెట్టెలోకి ఎక్కాలి. మధ్యలో ఏదైనా జరిగితే ఎవరికి వారే నడిచి దిగి రావాలి. రెండో కారణాన్ని నేను కాదనను, ప్రాణం మీదికి వచ్చే విషయంలో వాళ్ళ భయం వాళ్ళకుంటుంది. కానీ మొదటి కారణం నాకు మింగుడుపడలేదు. ఆపటానికి మీట ఉన్న యంత్రాన్ని ఒక మనిషి కోసం ఒక్క నిమిషం ఎందుకు ఆపకూడదు?

ఎందుకంటే, ఆగే రాట్నం నాకు తెలుసు. చిన్నతనంలో ప్రతి మాఘంలోనూ నాయిన నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకొని చెర్వుగట్టు జాతరకు తీసుకెళ్ళేవాడు. రామలింగేశ్వరుని దర్శనం అయ్యాక గుట్ట కింద నాలుగు చెక్క పెట్టెల రాట్నం దగ్గరికి వచ్చేవాళ్ళం. దాన్ని తిప్పేది మోటారు కాదు, బనియను వేసుకున్న ఒక మనిషి రెండు చేతులు. నన్ను చూడగానే అతను గుంజను పట్టి రాట్నాన్ని నిలిపి, పెట్టె నేలకు ఆనేదాకా కిందికి దించి, "పిల్లను ఏ దిక్కు కూసోబెట్టమంటవు?" అని నాయినను అడిగేవాడు. నా బరువుకు సరిపోయే పిల్లను ఎదుటి పెట్టెలో కూర్చోబెట్టి, అప్పుడు తిప్పేవాడు. నల్లగొండ దిక్కు పొలాలన్నీ పైనుంచి కనిపించటం నాకు ఆ రాట్నంలోనే మొదటిసారి.

మధ్యాహ్నం మూడు దాటాక, ఇక వెళ్ళిపోదామనుకుంటుండగా, చెక్క గుర్రాలు గుండ్రంగా తిరిగే ఆట దగ్గర మేనకోడలు ఆగింది. గుర్రాల మధ్య రథం ఆకారంలో ఒక బల్ల ఉంది. దాన్ని నడిపే కుర్రవాడు మా దగ్గరికి వచ్చి, నా వైపే చూస్తూ, "అమ్మా, మిమ్మల్ని ఎట్ల ఎక్కిస్తే మీకు నొప్పి కాకుంట ఉంటది?" అని అడిగాడు.

ఈ ప్రశ్న ఎందుకు ఇంత పెద్దదో కాళ్ళున్నవాళ్ళకు చెప్పాలి. పోలియో కాళ్ళకు బలం ఉండదు గాని స్పర్శ మిగిలే ఉంటుంది. సహాయం చేద్దామని వచ్చేవాళ్ళు అడగకుండా ఒకరు చంకల కింద, ఒకరు చీలమండల దగ్గర పట్టి లేపుతారు. ఆ పట్టుకు కీళ్ళు విరిగినంత నొప్పి పుడుతుంది, పరాయి మగవాళ్ళ చేతుల్లో చీర చెదిరిపోతుంటే కలిగే అవమానం వేరే ఉంది. కుర్చీతో సహా ఎత్తేవాళ్ళు చేతులాన్చుకొనే పట్టీలను పట్టుకుంటారు, అవి ఊడి వస్తాయి, మనిషి పడిపోతుంది. కింది చట్రం పట్టుకోవాలి.

ఆ కుర్రవాడికి ఇదంతా చెప్పాను. ఆట మొత్తం ఆపి, అతనూ తమ్ముడూ చెరొక పక్క చట్రం పట్టుకొని కుర్చీని అడుగు ఎత్తున్న చెక్క అరుగు మీదికి చేర్చారు. రథం పక్కన కుర్చీ ఆనించి, బ్రేకులు వేసి, ఒక పక్క చేతి పట్టీ తీసేసి, చేతుల బలంతో నేనే బల్ల మీదికి జరిగాను. నన్ను ఎవరూ ముట్టుకోలేదు. మొత్తం నాలుగు నిమిషాలు పట్టింది, వరసలో ఉన్న పిల్లలెవరూ గొడవ చేయలేదు. మేనకోడలు నా పక్కన గుర్రం ఎక్కి, తిరిగినంతసేపూ గుర్రాన్ని వదిలి నా వేలు పట్టుకుంది.

దిగాక, ఇట్లా అడగటం ఎవరు నేర్పారని ఆ కుర్రవాడిని అడిగాను. పార్కులో ఎవరూ నేర్పలేదట. "మాది మర్రిగూడ దిక్కు అమ్మా. మా నాయనమ్మకు ఫ్లోరైడుతోని మెడ, నడుము పట్టేసినయ్. ఎక్కడ పట్టాల్నో ఆమెను అడగకుంట మా ఇంట్ల ఎవ్వరం ముట్టుకోం" అన్నాడు. మా జిల్లా నీళ్ళు ఇంత దూరంలో, ఇట్లా నాకు ఎదురొస్తాయని అనుకోలేదు. ఏదో అనబోయి, మాట రాక, అతని చేయి పట్టుకొని వదిలేశాను.

తిరిగి వెళ్ళేముందు ద్వారం దగ్గర కాగితం అడిగి తీసుకొని ఉత్తరం రాశాను. దివ్యాంగుల హక్కుల 2016 చట్టం వినోద కేంద్రాల గురించీ సాహస కార్యక్రమాల గురించీ కూడా చెప్పిందని గుర్తుచేశాను. మాలాంటివాళ్ళు ఏ ఆటలు ఎక్కవచ్చో టికెట్టు అమ్మకముందే చెప్పాలని, ఆ ర్యాంపును 18 అడుగులకు పొడిగించాలని, మరుగుదొడ్డికి మూడడుగుల తలుపు పెట్టాలని, పెద్ద చక్రాన్ని రోజుకు రెండుసార్లయినా పూర్తిగా ఆపి మమ్మల్ని ఎక్కించే మార్గం చూడాలని కోరాను. చెక్క గుర్రాల దగ్గరి కుర్రవాడి చేత మిగతా ఉద్యోగులకు నేర్పించమని చివర రాశాను. అక్కడున్నామె ఉత్తరం పూర్తిగా చదివి, ఫోను నంబరు రాయించుకుంది.

ఇది రాస్తున్న నాటికి 19 రోజులైంది. ఫోను రాలేదు. రెండో ఉత్తరం రాసి పెట్టాను, రేపు స్పీడు పోస్టులో వేస్తాను.