డిగ్రీలో ఉండగానే పరిశోధన: విశాఖ తీరంలో రెండు కర్రలు చాలు

జియాలజీ, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చదివే డిగ్రీ పిల్లలు ప్రాజెక్టు అనగానే లాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు డౌన్‌లోడ్ చేస్తారు. పాతదొకటి, కొత్తదొకటి పక్కపక్కన పెట్టి ఆర్కే బీచ్ ఇన్ని మీటర్లు కోసుకుపోయిందని తేల్చేస్తారు. చిక్కంతా అక్కడే ఉంది. లాండ్‌శాట్‌లో ఒక్కో గడి (పిక్సెల్) 30 మీటర్లు, సెంటినెల్-2లో 10 మీటర్లు. విశాఖలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటుకీ ఆటుకీ దాదాపు 1.4 మీటర్ల తేడా ఉంటుంది. తీరం వాలు 15కి 1 అనుకుంటే, నీరు ఒక్క మీటరు దిగగానే నీటి అంచు 15 మీటర్లు జరుగుతుంది. ఇసుక రేణువు కూడా కదలదు, మ్యాప్‌లో మాత్రం తీరం పెరిగినట్టు కనిపిస్తుంది. శాటిలైట్ ప్రాజెక్టుకైనా ముందు ఆ వాలు తెలియాలి, అందుకోసం బీచ్‌కి వెళ్లి కొలవాల్సిందే.

ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. 1961లో ఎమరీ అనే సముద్ర శాస్త్రవేత్త ప్రచురించిన పద్ధతికి రెండు కర్రలు చాలు. ఒక్కోటి 1.5 మీటర్లు, నిటారుగా ఉండాలి, పైనుంచి కిందకి సెంటీమీటర్ల గుర్తులు వేయాలి. రెండింటి మధ్య దూరం ప్రతిసారీ 2 మీటర్లు. దీనికి నైలాన్ తాడు వాడొద్దు, తడిస్తే సాగుతుంది. సన్నని అల్యూమినియం పట్టీ మేలు. కర్రల అడుగున అరచేయంత ప్లైవుడ్ ముక్క బిగిస్తే తడి ఇసుకలో దిగబడవు.

ఒడ్డు వైపు కర్ర దగ్గర నిలబడిన మనిషి సముద్రం, ఆకాశం కలిసే గీతను (దిగంతాన్ని) చూడాలి. ముందు కర్ర కొన ఆ గీతతో కలిసేదాకా తన కర్ర వెంట కన్ను కిందకి దించాలి. కన్ను ఆగిన చోట, పైనుంచి ఉన్న కొలతే ఆ 2 మీటర్లలో దిగిన ఎత్తు. ముందు ఇసుక ఎత్తుగా ఉంటే లెక్క తిరగబడుతుంది: తన కర్ర కొన నుంచి చూసినప్పుడు గీత ముందు కర్రను ఎక్కడ కోస్తుందో చదివి, దాన్ని పెరుగుదలగా రాయాలి. చూసేవాళ్లు, ముందు కర్ర పట్టేవాళ్లు, రాసేవాళ్లు, మొత్తం ముగ్గురు కావాలి. ఇద్దరితో కానిస్తే ప్లస్, మైనస్ గుర్తులు తారుమారవుతాయి.

తప్పులు ఎలా పేరుకుంటాయో ఇక్కడ చూడాలి. 60 మీటర్ల బీచ్ అంటే రెండేసి మీటర్లు జరుగుతూ 30 సార్లు కొలవాలి. ఒక్కో రీడింగ్‌లో సెంటీమీటరు అటూ ఇటూ పోతే, అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుని చివరికి మిగిలేది సుమారు 5.5 సెం.మీ. కానీ ముందు కర్ర ప్రతిసారీ సెంటీమీటరు దిగబడుతూ, వెనక కర్రను ఆ గుంటలో కాకుండా పక్కన గట్టి ఇసుకలో పెడుతుంటే తప్పంతా ఒకే వైపు చేరి 30 సెం.మీ. అవుతుంది. అలాంటి డేటా మీద ఎన్ని గ్రాఫులు గీసినా దండగే. పైగా దిగంతం కంటి మట్టానికి రవ్వంత కిందే ఉంటుంది కాబట్టి మొత్తం వాలు 4, 5 సెం.మీ. తక్కువగా తేలుతుంది. ఇది ప్రతి నెలా దాదాపు ఒకేలా ఉంటుంది కనుక నెలకీ నెలకీ పోల్చేటప్పుడు పెద్దగా అడ్డురాదు. మంచు, మబ్బు వల్ల గీత కనపడని పొద్దున మాత్రం ఇంటికి వచ్చేయండి.

ప్రతి నెలా కొలత మొదలుపెట్టే బిందువు కదలని కాంక్రీటు మీద ఉండాలి. బీచ్ రోడ్డులో రెయిలింగ్, ఫుట్‌పాత్ ఎప్పుడు తవ్వుతారో ఎవరికీ తెలియదు. అందుకని రెండు గుర్తులు పెట్టుకుని, మధ్య దూరం కొలిచి ఫొటోలు తీసుకోండి. ఫోన్ జీపీఎస్ చోటు వెతకడానికి పనికొస్తుంది, ఎత్తుకి అసలు నమ్మొద్దు. సర్వే ఆఫ్ ఇండియా టైడ్ టేబుల్ చూసి ఆటు సమయానికి గంట ముందు మొదలుపెట్టండి. ఒడ్డున నెలవంకల్లా గుంటలు ఏర్పడినప్పుడు గుంటలో తీసిన ప్రొఫైలూ (తీరం ఎత్తుపల్లాల గ్రాఫు), మిట్ట మీద తీసిందీ వేరుగా వస్తాయి. అందుకే ఒకే చోట పక్కపక్కన మూడు వరుసల్లో కొలవాలి.

ఆర్కే బీచ్‌కి ఇంకో మెలిక ఉంది. నైరుతి కాలంలో అలలు ఇసుకను ఉత్తరానికి, ఈశాన్య కాలంలో దక్షిణానికి నడుపుతాయి. ఉత్తరానికి వచ్చే ఇసుకకి ఔటర్ హార్బర్ గోడలు అడ్డం. అందుకే పోర్టు వాళ్లు డ్రెడ్జింగ్‌లో, అంటే నీటి అడుగున తవ్వి తీసిన ఇసుకను తెచ్చి ఇక్కడ పోయిస్తారు. పోసిన తేదీ మీ నోట్‌బుక్‌లో లేకపోతే, డ్రెడ్జర్ చేసిన పనిని ప్రకృతి ఖాతాలో రాసేస్తారు. పోల్చడానికి భీమిలి వైపు ఇంకో చోటు తీసుకోండి.

ఇసుక కూడా పరీక్షించాలనుకుంటే పై 2 సెం.మీ. మాత్రమే తీయండి. మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాకే జల్లెడ పట్టాలి. ఉప్పు ఉంటే రేణువులు అంటుకుని ముతకగా తేలతాయి. 100 గ్రాములు జల్లించి అన్నీ కలిపి తూస్తే 98 కంటే తగ్గిందా, మళ్లీ చేయండి. నల్ల ఇసుకను వేరుచేసే బ్రోమోఫాం అనే బరువైన ద్రవం విషం. ఆవిర్లను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ లేని కాలేజీ ల్యాబ్‌లో ముట్టుకోవద్దు. నల్ల ఇసుకలోని ఖనిజాల్లో అయస్కాంతంతో వచ్చేది ముఖ్యంగా మాగ్నెటైటే. ఇల్మెనైట్ చాలావరకు మిగిలిపోతుంది, గార్నెట్, సిల్లిమనైట్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఎర్రమట్టి దిబ్బల్లో గుప్పెడు మట్టి కూడా తవ్వొద్దు, అవి రక్షిత భూవారసత్వ స్థలం. డ్రోన్ ఊసే వద్దు: ఇది తూర్పు నౌకాదళం ఊరు. నీళ్లలో మోకాలు దాటొద్దు, లోపలికి లాగేసే రిప్ కరెంట్లు విశాఖలో ఏటా ప్రాణాలు తీస్తున్నాయి.

ఇక గైడ్ విషయం. ఆంధ్రా యూనివర్సిటీలో జియాలజీ, జియోఫిజిక్స్, మెటియొరాలజీ అండ్ ఓషనోగ్రఫీ విభాగాలున్నాయి. ఊళ్లోనే జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, అంటే ఎన్‌ఐఓ ప్రాంతీయ కేంద్రం ఉంది. "సార్, మీ దగ్గర ఇంటర్న్‌షిప్ ఉందా?" అని రాస్తే జవాబు రావడం కష్టం. రెండు నెలల ప్రొఫైళ్ల గ్రాఫు ఒక పేజీలో పెట్టి, "ఈ మార్పు అలలదా, డ్రెడ్జింగ్‌దా ఎలా తేల్చాలి మేడమ్?" అని అడగండి. అప్పుడు చదివేవాళ్లకి మీ పని కనిపిస్తుంది.

సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్ రెండు నెలలు; దరఖాస్తులు ముందటి ఏడాది చివర్లోనే తీసుకుంటారు. జూన్‌లో కొలతలు మొదలుపెడితే అప్పటికి నైరుతి కాలం మొత్తం చేతిలో ఉంటుంది. ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ వచ్చేవాళ్లకి ఏడాదికిచ్చే 80,000 రూపాయల్లో 20,000 వేసవి ప్రాజెక్టు కోసమే. నాలుగో ఏడు పరిశోధనతో ఆనర్స్ చేయాలంటే మాత్రం యూజీసీ నిబంధన ప్రకారం మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం కావాలి, కాబట్టి బీచ్ పనిని పరీక్షల నెలలోకి జరగనివ్వకండి.