పిల్లవాడి వెంట ఎవరు వచ్చారు? జువెనైల్ బోర్డులో నా అనుభవం

పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లవాడు కేసులో ఇరుక్కుంటే ఎక్కడికి పోవాలో, ఏ కాగితం పట్టుకుపోవాలో మా బంధువుల్లో ఒక్కరికీ తెలియదు. వకీళ్ళు తెలుసు, ఎస్సైలు తెలుసు. పిల్లల కేసు వేరే దారిన నడుస్తుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. అందుకే రాస్తున్నాను. నేను వరంగల్ దగ్గర ఏఎన్ఎంగా పనిచేస్తాను, మా ఆయన లారీ నడుపుతాడు. మావాడి పేరు, కాలేజీ పేరు రాయను. కేసులో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెడితే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు గానీ, రెండు లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. కన్నతల్లినైనా ఆ జాగ్రత్త నాకూ ఉండాలి.

జరిగింది ఇది. ఇంటర్ ఫస్టియర్ చదివే మావాడు, ఇంకో ఇద్దరు దోస్తులు కలిసి సుబేదారి దిక్కు ఒక గ్రౌండ్‌లో క్రికెట్ ఆడుతున్న పిల్లల సంచిలోంచి ఫోన్ తీశారు. హన్మకొండ చౌరస్తాలో పాత ఫోన్లు కొనే చోట అమ్మబోతే దుకాణం ఆయనకు అనుమానం వచ్చి పట్టించాడు. స్టేషన్ నుంచి నాకు ఫోన్ వచ్చింది. "అమ్మా, మీ బాబు మా దగ్గరున్నడు. భయపడకుండ్రి. టెన్త్ మెమో పట్టుకొని రాండ్రి" అన్నారు.

ఆ మెమో మాట గుర్తుపెట్టుకోండి. మేమందరం ఆధార్ కార్డు ఫొటో తీసుకుని పరుగెత్తుతాం. వయసు తేల్చడానికి చట్టం ముందు చూసేది బడి ఇచ్చిన పుట్టినతేదీ పత్రం లేదా టెన్త్ సర్టిఫికెట్. అవి లేకపోతేనే మున్సిపాలిటీదో పంచాయతీదో జనన ధ్రువపత్రం. అదీ లేకపోతే ఎముకల పరీక్షకు పంపుతారు. మెమో చేతిలో ఉండటంతో మావాడి వయసు గురించి రెండో ప్రశ్న రాలేదు.

స్టేషన్‌లో మాతో మాట్లాడిన ఆయన యూనిఫాంలో లేడు. పిల్లల కేసులు చూసే పోలీసు అధికారి ప్రతి స్టేషన్లో ఒకరు ఉండాలట, పిల్లలతో మాట్లాడేటప్పుడు వీలైనంత వరకు మామూలు బట్టల్లోనే ఉండాలట. బేడీలు వేయకూడదు, లాకప్‌లో పెట్టకూడదు. చోరీకి మొదటిసారి గరిష్ఠ శిక్ష మూడేళ్ళే కాబట్టి పిల్లల చట్టంలో అది చిన్న నేరం కిందికి వస్తుంది. చిన్న నేరాల్లో, కలిసి చేసినవాళ్ళలో పెద్దవాళ్ళు లేకపోతే, ఎఫ్ఐఆర్ కట్టరు. స్టేషన్ డైరీలో రాసుకుని, పిల్లవాడి ఇంటి పరిస్థితి మీద ఒక నివేదిక తయారుచేసి, పిల్లల కేసులు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డుకు పంపుతారు. ముగ్గురిలో ఒక్కడు పందొమ్మిదేళ్ళవాడై ఉంటే కథ వేరే ఉండేది. మావాడిని ఆ సాయంత్రమే నా వెంట పంపారు, బోర్డుకు ఏ రోజు రావాలో చెప్పి.

ఇంటికి రాగానే పంచాయితీ మొదలైంది. మా మరిది, "వదినా, ఫోన్ దొరికె గదా. ఆ పోరనికి ఇంత ముట్టజెప్పి కాంప్రమైజ్ చేస్కుందాం. బోర్డు గీర్డు అని తిరిగితే పిల్లగాని మీద మచ్చ పడ్తది" అన్నాడు. ఆయన ప్రేమతోనే అన్నాడు. మా అత్తమ్మయితే వాకిట్లో నాలుగు తగిలిస్తే బుద్ధొస్తదన్నది. నాకు రెండూ నచ్చలేదు. డబ్బు కడితే నేర్చుకునేది మేము కట్టిన డబ్బు విలువ. వాకిట్లో కొడితే గల్లీ అంతా చూస్తుంది, ఆ చూపు వాడు పెళ్ళయ్యేదాకా మోస్తాడు. మచ్చ మిగిలేది ఈ రెండు దారుల్లోనే. బోర్డు దారిలో ఆ కాగితాలు తర్వాత ధ్వంసం చేస్తారు, ఉద్యోగానికి అడ్డం రాదు, 24వ సెక్షన్ చెప్పేది అదే. ఆ మాట మా మరిదికి చదివి వినిపించాక ఆయన ఊరుకున్నాడు.

బోర్డు అంటే కోర్టు హాలు ఊహించుకుని పోయాను. ఎత్తు మీద కూర్చునే జడ్జి లేడు, బోను లేదు. ఒక గదిలో బల్ల, అవతల మెజిస్ట్రేట్ మేడం, ఇద్దరు సామాజిక కార్యకర్తలు. ఆ ఇద్దరిలో ఒకరైనా ఆడమనిషి ఉండాలని నియమం. వకీలు కోసం మేము పైసా పెట్టలేదు. ఆడవాళ్ళకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, 15100కు ఫోన్ చేసినా చెబుతారు. మెజిస్ట్రేట్ మేడం మావాడిని "ఏం చేసినవ్?" అని అడగలేదు. "పొద్దున ఎన్నింటికి లేస్తవ్? ఎవరితో ఉంటవ్? నాన్న ఎన్ని రోజులకు ఒకసారి వస్తడు?" అని అడిగింది. నాన్న మాట రాగానే వాడు తల వంచుకున్నాడు.

ఇక ప్రొబేషన్ ఆఫీసర్, అంటే పిల్లవాడి ఇల్లు, చదువు, సావాసం కనుక్కుని బోర్డుకు చెప్పే అధికారి, మా ఇంటికి రావడం. ఈ మొత్తంలో నాకు ఎక్కువ గుర్తున్నది అదే. రెండు వారాల్లో సామాజిక విచారణ నివేదిక ఇవ్వాలి కాబట్టి ఆయన ఇంటింటికీ తిరుగుతాడు. చాయ్ వద్దన్నాడు, మంచినీళ్ళు తాగాడు. వాడు పడుకునే మూల చూశాడు, పుస్తకాలు తిరగేశాడు, వాడి ఫోన్ స్క్రీన్ పగిలి టేపు వేసి ఉండటం చూసి ఎప్పుడు పగిలిందని అడిగాడు. ఆర్నెల్ల కింద అన్నాడు మావాడు. పక్కింటి అవ్వను, కాలేజీ లెక్చరర్‌ను కూడా అడిగాడు, కేసు సంగతి వాళ్ళకు తెలియనీయకుండా. వెళ్ళేటప్పుడు నాతో, "అమ్మా, మీ ఇంట్లో లోపం పట్టుకోను రాలేదు నేను. బాబును ఎవరి చేతుల పెడ్తే నిలబడ్తడో చూస్తున్న" అన్నాడు. గ్రామాల్లో బాలింతల ఇళ్ళకు పోయి నేను చేసే పనీ ఇదే, అందుకే ఆయన పనితనం నాకు వెంటనే తెలిసింది. ఇలాంటివాళ్ళు ఇంకా ఎక్కువమంది ఉండాలి. ఒక్కరి మీద ఎన్నో కేసులు పడితే ఇంటికి పోవడం పోయి, ఆఫీసులో కూర్చుని ఫారం నింపడం మిగులుతుంది.

ఆయన దగ్గరే మూడోవాడి సంగతి తెలిసింది. ముగ్గురిలో ఇద్దరం తల్లులం స్టేషన్‌కు పోయాం. మూడోవాడి కోసం ఎవరూ రాలేదు. వాడి అమ్మానాన్నలు భివండిలో మరమగ్గాల మీద పనిచేస్తారు. కొత్తవాడలో నానమ్మ దగ్గర ఉంటాడు. ఆమెకు ఫోన్ లేదు, వాడు భయంతో చిరునామా చెప్పలేదు. అప్పగించేవాళ్ళు లేక వాడిని అబ్జర్వేషన్ హోంకు, అంటే విచారణ నడిచేటప్పుడు పిల్లలను ఉంచే చోటికి, పంపారు. చేసిన పని ఒకటే, చట్టం ఒకటే. మావాడు నా వంట తిని ఇంట్లో పడుకున్నాడు, ఆ పిల్లవాడు గేటు లోపల పడుకున్నాడు. అది విన్నాక నాకు అన్నం సయించలేదు.

కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇళ్ళ మధ్య అడుగుతూ పోతే ఆ అవ్వ దొరికింది. కండెలు చుడుతోంది, చేతి నిండా నూలు దూది. మనవడు దోస్తుల ఇంట్లో ఉన్నాడనుకుంటోంది. చెప్పాక కాసేపు రాట్నం ఆపలేదు, తిప్పుతూనే ఉంది. తర్వాత, "బిడ్డా, పైసలు ఎన్ని గట్టాలె?" అని అడిగింది. ఏమీ కట్టనక్కర్లేదని, 12వ సెక్షన్ ప్రకారం జామీనుదారు లేకుండానూ బెయిల్ ఇవ్వొచ్చని, సొంతవాళ్ళు లేకపోతే ప్రొబేషన్ ఆఫీసర్ పర్యవేక్షణలోనో, తగిన మనిషి అనుకున్నవాళ్ళ దగ్గరో ఉంచొచ్చని చెప్పాను. మరుసటి బోర్డు రోజు ఆమెను ఆటోలో వెంట తీసుకుపోయాను. ఉచిత వకీలు దరఖాస్తు పెట్టాడు. అవ్వ వేలిముద్ర వేసింది. పిల్లవాడు ఆమె వెంట ఇంటికి పోయాడు.

మావాడి విచారణ నాలుగు నెలల గడువులోనే ముగిసింది. మందలించి ఇంటికి పంపడం, కౌన్సెలింగ్, సమాజ సేవ, జరిమానా, మంచి నడవడితో ఉండాలని పర్యవేక్షణలో పెట్టే ప్రొబేషన్, ఇంకేదీ కుదరకపోతే స్పెషల్ హోంలో ఉంచడం, ఇలా 18వ సెక్షన్‌లో చాలా దారులున్నాయి. మావాడికి, రెండోవాడికి హితవు చెప్పి, తల్లిదండ్రులతో కలిసి కౌన్సెలింగ్, దాంతోపాటు ఆదివారాలు ఒక వృద్ధాశ్రమంలో సేవ వేశారు. పద్నాలుగేళ్ళు దాటినవాళ్ళకే ఈ సేవ వేస్తారు. పార్కు ఊడవడం, ఆసుపత్రిలో సాయం, ట్రాఫిక్ దగ్గర వాలంటీర్‌గా నిలబడటం, ఇలాంటివన్నీ ఇందులోకి వస్తాయి.

మొదటి ఆదివారం వాడు ముఖం మాడ్చుకుని పోయాడు. అక్కడ బెడ్‌షీట్లు ఉతికించారు. ఒకాయన బీపీ గోళీలు, షుగరు గోళీలు కలిపేసుకుని ఏది ఎప్పుడు వేసుకోవాలో తెలియక ఇబ్బంది పడుతున్నాడని మావాడు గమనించాడు. స్కెచ్ పెన్ను తీసుకుపోయి, వార్డెన్ చీటీ చూసి చెబుతుంటే ఒక్కో గోళీల పట్టీ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో "పొద్దున, తిన్నంక", "రాత్రి" అని రాశాడు. నాకు ఫోన్ చేసి, "అమ్మా, పరగడుపున అంటే నీళ్ళు కూడా తాగొద్దా?" అని అడిగాడు. చోరీ తర్వాత వాడంతట వాడు నాకు చేసిన మొదటి ఫోన్ అది. ఆ ఆశ్రమంలో ఇంకొందరు ముసలివాళ్ళు తమవీ రాయమన్నారట. బోర్డు వేసిన ఆదివారాలు అయిపోయాక కూడా అప్పుడప్పుడు పోయి వస్తున్నాడు, పరీక్షలప్పుడు మాత్రం నేనే వద్దన్నాను.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇదంతా నడిచింది నాకు చదువొచ్చు కాబట్టి, సెలవు పెట్టగలిగాను కాబట్టి. బోర్డు రోజు కూలి పోతుందని రాలేని తల్లులను నేను అక్కడి బెంచీ మీద చూశాను. చిన్న పిల్లలను హోముల్లో పెట్టడం ఆఖరి దారిగానే ఉండాలని చట్టంలోనే రాసి ఉంది. అది నిజం కావాలంటే ఆ పిల్లవాడి కోసం నిలబడే మనిషి ఉండాలి. లేకపోతే ఎవరో ఒకరు కొత్తవాడ దాకా పోయి వెతకాలి. ఊళ్ళో ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, మహిళా సంఘాలవాళ్ళు ఇంటింటి సంగతి తెలిసినవాళ్ళు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు, జిల్లా బాలల సంరక్షణ విభాగం సంగతి వాళ్ళందరి నోట్లో ఉండాలి. మా సెక్టారు మీటింగ్‌లో నేను చెప్పడం మొదలుపెట్టాను.

మూడోవాడిది ఇంకా పూర్తి కాలేదు. ప్రొబేషన్ ఆఫీసర్ పర్యవేక్షణలో ఏదైనా పని నేర్చుకోవాలని బోర్డు చెప్పింది. టెన్త్ తర్వాత చదువు ఆపేశాడు కాబట్టి ఐటీఐలో ఎలక్ట్రీషియన్‌కు దరఖాస్తు పెట్టించాం. టీసీ వాళ్ళ నాయిన దగ్గర భివండిలో ఉండిపోయింది. ఆయన కొరియర్ చేశానన్నాడు, వచ్చిన రోజే అవ్వను, పిల్లవాడిని తీసుకుని ఐటీఐకి పోతాను.