పెడల్ తొక్కినా వదలని క్లచ్

అమలాపురం వైపు మా ఊళ్ళో, నాన్నగారి హయాంలో కొన్న పాత ట్రాక్టరుతోనే నేను ఇప్పటికీ సార్వాకూ దాళ్వాకూ దమ్ము చేస్తున్నాను. కిందటి దాళ్వా దమ్ములో, ఇంజనును గేర్ బాక్సుతో కలిపి విడదీసే క్లచ్ జారడం మొదలైంది. అందుకని కాలువలు కట్టేసిన వేసవిలో దగ్గరి షెడ్డులో కొత్త క్లచ్ ప్లేటు, దాన్ని నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటు, పెడల్ తొక్కితే క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగు వేయించాను. జారడం పోయింది గానీ, బండిని ఇంటికి తెచ్చేసరికి పెడల్ పూర్తిగా తొక్కినా గేరు కరకరమంటూ పళ్ళు కొరికేది.

“కొత్త ప్లేటు కదా బాబూ, నాలుగు రోజులు తిరిగితే సర్దుకుంటుంది” అన్నారు షెడ్డు మేస్త్రి గారు. నాలుగు రోజులు తిరిగినా సర్దుకోలేదు. పెడల్‌లో ఆట (వదులు) ఎక్కువై క్లచ్ పూర్తిగా వదలడం లేదేమోనని రాడ్డు బిగించి, బండి పుస్తకంలో చెప్పిన ఆటకు తెచ్చాను. తేడా రాలేదు. ఇంజను ఆపితే గేర్లన్నీ వెన్నలా పడుతున్నాయి కాబట్టి, లోపం గేర్ బాక్సులో లేదని, ఇంజను తిరుగుతున్నంతసేపూ గేర్ బాక్సులోకి వెళ్ళే షాఫ్టును ఏదో తిప్పుతూనే ఉందని అర్థమైంది.

అసలు ఆచూకీ శబ్దం ఇచ్చింది. న్యూట్రల్‌లో పెడల్ తొక్కితే ఏ చప్పుడూ లేదు. ఎలాగో గేరు వేసి, బ్రేకు మీద నిలిపి తొక్కి పట్టుకుంటే మాత్రం సన్నని కీచుమనే శబ్దం వచ్చేది. రిలీజ్ బేరింగు పాడైతే ఈ రెండు సందర్భాల్లోనూ అరవాలి. ఇంజనుతో పాటు తిరిగే బరువైన చక్రం, ఫ్లైవీలు, దాని నడిమధ్యన కూర్చుని షాఫ్టు కొసను మోసే చిన్న పైలట్ బేరింగు అలా కాదు. ఫ్లైవీలు తిరుగుతూ షాఫ్టు ఆగినప్పుడే దానికి పని పడుతుంది. అది పట్టేసి ఉంటే, ప్లేటు వదిలినా షాఫ్టును తనతో పాటు తిప్పుకుపోతుంది. ప్లేటు మార్చిన రోజున ఆ బేరింగును ఎవరూ తాకలేదని అప్పుడు గుర్తొచ్చింది.

మళ్ళీ విడదీయక తప్పలేదు. ఇంజను పక్కకు ఒరిగిపోకుండా ముందు యాక్సిలుకూ దాని బ్రాకెట్టుకూ మధ్య రెండు వైపులా చెక్క ముక్కలు బిగించి, గేర్ బాక్సు కింద దిమ్మలు పెట్టి, ఇంజను కింద చక్రాల జాకీ ఉంచి ముందుకు జరిపాము. చూస్తే పైలట్ బేరింగు తుప్పుతో ఎర్రబడి, వేలు పెట్టి తిప్పినా కదలలేదు. దానికి కారణం ఇంకా కింద ఉంది. క్లచ్ గూడు అడుగున నీరూ నూనే కారిపోవడానికి ఉంచిన చిల్లు ఒండ్రుతో పూర్తిగా మూసుకుపోయింది. కేజ్ వీల్స్‌తో (దమ్ముకు తొడిగే ఇనుప పంజరం చక్రాలతో) లోతు దమ్ములో దిగినప్పుడు లోపలికి చేరిన తడికి బయటికి దారి లేదు.

బేరింగు నడుమ గ్రీజు కూరి, సరిపోయే కడ్డీతో సుత్తి దెబ్బలు వేస్తే వెనక చేరిన గ్రీజే దాన్ని బయటికి నెట్టేసింది. కొత్త బేరింగు ధర క్లచ్ ప్లేటు ధరలో చిన్న వంతు. తిరిగి కలిపేటప్పుడు మాత్రం తొందరపడకూడదు. ప్లేటును నడిమికి సరిచేసి, ఫ్లైవీలును చేత్తో కొద్దికొద్దిగా తిప్పుతూ షాఫ్టు మీది గాడులు ప్లేటులోకి దిగేలా చూడాలి. ఇంజనుకూ గేర్ బాక్సుకూ మధ్య సందు చేతి తోపుకే మూసుకోవాలి. బోల్టులతో లాగితే బరువంతా ప్లేటు నడుము మీద పడి అది వంగిపోతుంది, వంగిన ప్లేటు ఎన్నటికీ శుభ్రంగా వదలదు.

ఆ సాయంత్రం రివర్సు గేరు నిశ్శబ్దంగా పడింది. అడుగు చిల్లు మళ్ళీ ఒండ్రుతో మూసుకుపోకుండా, అందులో వదులుగా ఆడే కాటర్ పిన్ను (రెండు కాళ్ళ ఇనుప పిన్ను) ఒకటి వేలాడదీశాను. కాలువలకు నీరొచ్చాక దమ్ము నుంచి బండి ఇంటికొచ్చిన ప్రతిరోజూ, చక్రాలు కడిగే ముందు వంగి దాన్ని ఒకసారి కదిపి చూస్తున్నాను.