నాన్న రైఫిల్ చెక్కకు మళ్ళీ నూనె పట్టించాను: నా అనుభవం

లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్ళు బారెల్‌ను బాగానే చూసుకుంటారు. చెక్క సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. నల్లబడితే పాతబడింది కదా అని సరిపెట్టుకుంటారు. లేదంటే తెలిసిన ఆచారిని పిలిపించి నిగనిగలాడేలా వార్నిష్ కొట్టిస్తారు. మా నాన్న రెండో రకం. ఆయన ముచ్చటపడి కొట్టించిన ఆ వార్నిష్ వల్లే నాకు ఇంత పని పడింది.

మాది కావలి. నాన్నది .315 బోరు స్పోర్టింగ్ రైఫిల్, పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైంది. లోపలి యంత్రాంగమంతా బ్రిటిష్ సైన్యం వాడిన పాత రైఫిల్ లీ-ఎన్‌ఫీల్డ్‌దే. సైన్యం వాడిన .303 తూటా మామూలు జనానికి ఇవ్వరు కాబట్టి .315 తూటా పట్టేలా చేసి అమ్మారు. నాన్న పోయాక 2016 ఆయుధ నిబంధనల ప్రకారం వారసుడిగా దరఖాస్తు పెట్టుకుంటే లైసెన్సు నా పేరు మీదికి వచ్చింది. ఆ కాగితాల గొడవ వేరే కథ, ఇక్కడ వద్దు.

2024 ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులు అప్పగించమంటే నేనూ రైఫిల్‌ను డిపాజిట్ చేశాను. ఫలితాలు వచ్చాక వెళ్ళి తెచ్చుకున్నాను. క్యాన్వాస్ కవర్‌లో ఎలా పెట్టి ఇచ్చానో అలాగే ఉంది గానీ ఆ కవర్ తేమ పట్టి ముక్కిన వాసన కొడుతోంది. ఇంటికొచ్చి విప్పితే బారెల్‌కు ఏమీ కాలేదు, దానికి గ్రీజు దట్టంగా రాసే ఇచ్చాను. చెక్క మీద మాత్రం వార్నిష్ పొక్కులు లేచింది. బట్ (భుజానికి ఆనే వెనక చెక్క) చివర తెల్లగా బూజు. ఫోర్‌ఎండ్ (బారెల్ కింద ఉండే ముందు చెక్క) మీద దేనికో ఆనించిన చోట బొటనవేలంత సొట్ట.

మొదట వచ్చిన ఆలోచన, మా వీధిలో ఉన్న వడ్రంగి షాపులో చెక్క భాగాలు ఇచ్చేసి రావడం. తర్వాత ఆగాను. 1959 ఆయుధ చట్టంలో ఆయుధం అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే దాని విడిభాగాలు కూడా ఉన్నాయి. చెక్క ముక్కే కదా అని లైసెన్సు లేనివాడి షాపులో పడేసి వస్తే రేపు ఎవరైనా అడిగినప్పుడు నేనేం చెప్పాలి? అతనేం చెప్పాలి? అందుకని ఒకటే నిర్ణయించుకున్నాను. రైఫిల్ గానీ, దాని ముక్క గానీ నా గడప దాటకూడదు. బయటినుంచి పనితనం ఒక్కటే అడిగి తెచ్చుకోవాలి. పాత టేకు తలుపు ముక్క ఒకటి ఇంట్లో ఉంటే, ఎవరిని ఏది అడగాలన్నా దాన్నే సంచిలో వేసుకుని తిరిగాను.

విడదీయడం దగ్గర మా మేనమామ సాయం వచ్చాడు. ఆయనది కంభం దగ్గర పల్లె. ఆ వైపు, గిద్దలూరు వైపు ఊళ్ళలో ఆర్మీకి వెళ్ళినవాళ్ళు ఎక్కువ. మామయ్య ఆర్మీలో యంత్రాలు, ఆయుధాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో ఆర్మరర్‌గా (తుపాకులు బాగుచేసేవాడిగా) చేసి రిటైరయ్యాడు. వచ్చాడే గానీ రైఫిల్ మీద చెయ్యి వెయ్యలేదు. "లైసెన్సు నీది, చెయ్యి నీది. నేను నోటితో చెప్తా" అని కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

ముందు తూటాలన్నీ వేరే గదిలో బీరువాలో పెట్టి తాళం వేయించాడు. తర్వాత తూటాను లోపలికి తోసే బోల్ట్ తీయించి, తూటా కూర్చునే చాంబర్‌లోకి వేలు పెట్టి చూడమన్నాడు. కంటితో చూశాను మామా అంటే, "కన్ను మోసం చేస్తది, వేలు చెయ్యదు" అన్నాడు. బట్ విప్పబోతుంటే గట్టిగా అరిచాడు. "రేయ్, ముందు ఫోర్‌ఎండ్ ఊడదీయ్. అది ఉండగా బట్ బోల్ట్ తిప్పావో, చెక్క చీలిపోద్ది." పాత లీ-ఎన్‌ఫీల్డ్‌లలో బట్‌ను పట్టి ఉంచే పొడుగాటి బోల్ట్ కొన చదరంగా ఉంటుంది. అది ఫోర్‌ఎండ్ వెనక ఉన్న చిన్న ఇనుప పలకలో కూర్చుంటుంది. ఫోర్‌ఎండ్ తీయకుండా బోల్ట్ తిప్పితే ఆ పలక చెక్కను లోపలినుంచి చీల్చేస్తుంది. ఎన్నో పాత రైఫిళ్ళ ఫోర్‌ఎండ్‌లు ఇలాగే పోయాయని మామయ్య బాధ.

ఫోర్‌ఎండ్ ఊడాక అసలు సంగతి కనబడింది. పైన కోటు మీద కోటు వార్నిష్ ఉంది. లోపల, అంటే బారెల్ పడుకునే గాడిలో, బట్ చివర ఉండే లోహపు పలక (బట్ ప్లేట్) కింద, బట్ బోల్ట్ దూరే రంధ్రంలో చెక్క పచ్చిగా, బోసిగా ఉంది. ఒక్క చుక్క నూనె పడిన గుర్తు లేదు. చెక్కలో నీరు ఎక్కువగా పీల్చేది అడ్డంగా కోసిన చివర. పోగులన్నీ గొట్టాల్లా నోరు తెరుచుకుని ఉంటాయి అక్కడ. తేమ అక్కడ లోపలికి దూరింది, బయటికి పోదామంటే పైన వార్నిష్ అడ్డం. అందుకే పొక్కులు. బయట ఎంత మెరిసినా లోపలి చివర్లు మూయకపోతే ఆ పాలిష్ దండగ అని నాకు ఆ రోజే అర్థమైంది.

వార్నిష్‌ను ఉప్పు కాగితంతో గీకేద్దామంటే మామయ్య ఒప్పుకోలేదు. గీకితే అంచులు గుండ్రమైపోతాయి, చెక్క మీద ఫ్యాక్టరీ ముద్ర చెరిగిపోతుంది, ఇనుమూ చెక్కా కలిసే చోట చెక్క కిందికి దిగి మెట్టు పడుతుంది. పెయింట్ రిమూవర్ తెచ్చాను. మేడ మీద, గాలి వచ్చే చోట, రబ్బరు గ్లవుజులు వేసుకుని పూశాను. ఆ ఘాటు గదిలో అయితే తట్టుకోలేం. పొర మెత్తబడ్డాక ఇనుప బ్లేడు వాడకుండా, విరిగిన చెక్క అట్లకాడతో మెల్లగా తోశాను. పాత వార్నిష్ ముడతలు పడి పాలమీద మీగడలా వచ్చేసింది. మూలల్లో పాత టూత్ బ్రష్.

కింద బయటపడింది అక్రోట్ చెక్క. దాని రంగు నేను అంతకుముందు చూడనే లేదు. అయితే చెయ్యి పట్టే సన్నటి మెడ దగ్గర నల్లగా, జిడ్డుగా ఉంది. అది తుపాకీ నూనె. రైఫిల్‌ను శుభ్రం చేసి నూనె రాసి నిలబెట్టి ఉంచితే మిగులు నూనె కిందికి జారి మెడలోకి ఇంకుతుంది. ఏళ్ళ తరబడి ఇంకితే చెక్క మెత్తబడి పట్టు కోల్పోతుంది. దీనికి పెయింటర్లు లప్పంలో కలిపే సుద్ద పొడి పనికొచ్చింది. థిన్నర్‌లో ముద్దలా కలిపి మెడ చుట్టూ పట్టించి నీడలోనే, వేడి గాలి తగిలే చోట పెట్టాను. జూన్‌లో మా దగ్గర పడమటి గాలి సెగలు కక్కుతుంది కదా, దానికి అదే చాలు. ఎండిన సుద్ద గోధుమ రంగుకు తిరిగి పొడిగా రాలింది. మళ్ళీ పట్టించడం, మళ్ళీ రాల్చడం. సుద్ద తెల్లగానే రాలే దాకా అదే పని. నేరుగా ఎండలో పెడితే తొందరగా అయిపోతుందనిపిస్తుంది గానీ రోహిణి ఎండకు తలుపులే పగులుతాయి, ఇదెంత.

సొట్టకు మందు ఇస్త్రీపెట్టె. తడిగుడ్డను మడిచి సొట్ట మీద వేసి, వేడి ఇస్త్రీపెట్టె కొనతో నొక్కితే ఆవిరి లోపలికి పోతుంది, అణిగిన పోగులు ఉబ్బి పైకి లేస్తాయి. పోగు తెగకుండా నొక్కుకుపోయిన సొట్టలకే ఇది పనిచేస్తుంది. తెగిన గాటు అలాగే ఉంటుంది. బట్ మీద నాన్న కాలం నాటి గాటు ఒకటి ఉంది. లప్పం పెట్టి నింపుదామా అనుకుని మానేశాను. నూనె రాసిన చెక్క మీద లప్పం ఎప్పటికీ వేరే రంగులో వెక్కిరిస్తూనే ఉంటుంది.

ఈ మధ్యలో కలిగిరి మీదుగా ఉదయగిరి వెళ్ళాను. చెక్క గరిటెలూ చెంచాలూ చేసే ఇళ్ళు అక్కడ ఉన్నాయి, ఆ పనికి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా ఉంది. నున్నదనం గురించి వాళ్ళకన్నా ఎవరికి తెలుస్తుంది? నా టేకు ముక్క చూపించి అడిగితే ఒకామె నవ్వి, "అన్నా, నువ్వు పొడి చెక్కనే రుద్దుతా ఉండావు. ఒకసారి తడిగుడ్డతో తుడువు, ఆరనీ, అప్పుడు చెయ్యి పెట్టి చూడు" అంది. అక్కడే తడిపి ఆరబెట్టి చూపించింది. అద్దంలా ఉందనుకున్న ముక్క మీద నూగు లేచి గరగరలాడింది. ఆ నూగును సన్నటి కాగితంతో, పోగు వెంబడే తేలిగ్గా తీసేయాలి. మళ్ళీ తడిపినా లేవని దాకా తీయాలి. అలా చేయకపోతే మొదటి వాన తుంపరకే రైఫిల్ గరుకెక్కుతుందన్నమాట. ఇంటికొచ్చి 320 తర్వాత 400 నంబరు కాగితాలతో అలాగే చేశాను. ఫోర్‌ఎండ్ వెనక, తుపాకీ పేలినప్పుడు దెబ్బను మోసే రెండు ముఖాలను మాత్రం కాగితంతో తాకలేదు. అక్కడ వెంట్రుకవాసి తగ్గినా ఇనుము సరిగా కూర్చోదు, గురి పోతుంది.

ఇక పైన ఏం పూయాలి? కావలిలో నలుగురిని అడిగితే నలుగురూ పీయూ (పాలీయురేథేన్) పాలిష్ అనే అన్నారు. సోఫాలకు బాగుంటుంది, కాదనను. గీత పడితే మాత్రం ఆ ఒక్కచోట సరిచేయలేం, మొత్తం తీసి మళ్ళీ కొట్టాల్సిందే. లక్కతో చేసే స్పిరిట్ పాలిష్ అందంగా ఉంటుంది గానీ తేమ తగిలితే తెల్లబడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల మీద వాయుగుండాలు వచ్చే ఊళ్ళో దాన్ని నమ్మలేం. మామయ్య ఓటు మాత్రం అవిసె నూనెకే. "మా కోత్‌లో వేరేది ఎరగం" అన్నాడు. కోత్ అంటే ఆర్మీలో తుపాకులు దాచే గది. ఆయన చెప్పింది పచ్చి అవిసె నూనె. అది ఆరడానికి రోజులు పడుతుంది. అవిసె నూనె నీళ్ళలా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని గట్టిపడుతుంది. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో పెయింట్ల కొట్లో డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ అని దొరుకుతుంది. దానిలో తొందరగా ఆరడానికి మందు కలిపి ఉంటుంది. నేను దాన్ని తెచ్చాను. మామయ్య మూతి విరిచాడు, నేను పట్టించుకోలేదు.

మొదటి పూతలో సగానికి సగం టర్పెంటైన్ కలిపి పలచగా చేశాను. దాన్ని పైన రాయలేదు, లోపలే రాశాను. బారెల్ గాడి, బట్ ప్లేట్ కింది చివర, స్క్రూ రంధ్రాలు, అన్నీ బ్రష్‌తో, దూదితో తడుపుతూ పోయాను. బట్ చివరైతే పోసేకొద్దీ తాగింది. ఇక చాలు అన్నట్టు పైన మెరుపు నిలిచే దాకా పోశాను. ఆ తర్వాతే పైభాగం. పైన మాత్రం అరచేతిలో నాలుగు చుక్కలు వేసుకుని, చెక్క వేడెక్కేలా రుద్ది, కాసేపయ్యాక మిగిలిందంతా పొడిగుడ్డతో తుడిచేయాలి. మిగులు తుడవకపోతే జిగురులా పట్టేసి దుమ్మంతా అంటుకుంటుంది. ముందు పూత పూర్తిగా ఆరితేనే తర్వాతి పూత. వేలితో తాకితే అంటుకోకూడదు, ముక్కు దగ్గర పెడితే పచ్చి వాసన రాకూడదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. అవిసె నూనె అంటిన గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేయకండి. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ఉండలో ఆ వేడి బయటికి పోలేక, అగ్గిపుల్ల గీయకుండానే గుడ్డ అంటుకుంటుంది. నిజంగా జరిగే సంగతి ఇది. నేను ప్రతి గుడ్డనూ బకెట్ నీళ్ళలో ముంచి, తర్వాత తీగ మీద విడివిడిగా ఆరేసి గట్టిపడ్డాకే పారేశాను.

అవిసె నూనె ఒక్కటే నీటిని పూర్తిగా ఆపదు, తేమను ఆలస్యం చేస్తుందంతే. అందుకని పూతలన్నీ గట్టిపడ్డాక తేనెమైనం కరిగించి, మంట నుంచి దించి దూరంగా తెచ్చాకే టర్పెంటైన్ కలిపి, ఆ ముద్దను పలచగా రుద్ది మెత్తటి బట్టతో మెరుగు పెట్టాను. వార్నిష్ నాటి నిగనిగ లేదు. చేతిలో జారడం కూడా లేదు.

బిగించేటప్పుడు విప్పిన వరుసకు తిరగేసి, ముందు బట్, తర్వాత ఫోర్‌ఎండ్. చెక్కకు దాగి ఉండే బారెల్ అడుగు భాగానికి గ్రీజు పలచగా పూశాను. ఇనుము మీది నంబర్ల జోలికి మాత్రం వెళ్ళలేదు. తుప్పు ఉందని వాటి మీద ఎమరీ రుద్దేవాళ్ళను చూశాను. ఆ గుర్తులు చెరిగితే చెరిపింది మీరేనని చట్టం అనుకుంటుంది, కాదని మీరే నిరూపించుకోవాలి.

ఇప్పుడు రైఫిల్ కవర్‌లో ఉండదు. క్యాన్వాసయినా తోలయినా తేమను పట్టి చెక్కకు ఆనించి ఉంచుతుంది. తాళం ఉన్న ఇనుప బీరువాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టాను. శుభ్రం చేసిన రోజు బారెల్ మూతి కిందికి పెట్టి, కింద గుడ్డ వేసి నిలబెడతాను, మిగులు నూనె మెడలోకి కాక ముందుకు జారిపోతుంది. వానలు మొదలవక ముందు ఒకసారి మైనం, బట్ ప్లేట్ విప్పి ఆ చివరకు నాలుగు చుక్కల నూనె.

ఒక తేడా మాత్రం మిగిలింది. బట్, ఫోర్‌ఎండ్ రెండూ వేర్వేరు చెక్కల నుంచి కోసినవేమో, ఒకే నూనె తాగినా బట్ ముదురు రంగుకు తిరిగింది, ఫోర్‌ఎండ్ ఎర్రగానే ఉంది. రంగు కలిపి రెండూ ఒకటి చేసుకోవచ్చని పెయింట్ల కొట్టాయన డబ్బా తీసి చూపించాడు. నేను కొనలేదు.