వాల్వు రేడియోకి తగిన పెట్టె

1950ల నాటి పెద్ద టేబుల్ రేడియో ఒకటి అమ్మాను. కొన్నాయన ఉండేది చాలా దూరం. వచ్చి తీసుకెళ్లే వీలు లేదు కాబట్టి పార్సిల్ చేసి పంపాల్సిందే. ఫొటోలు, బేరం, డబ్బు అన్నీ చకచకా అయిపోయాయి. పెట్టె దగ్గరే పని ఆగింది.

రేడియో వెడల్పు 64 సెం.మీ., ఎత్తు 42, లోతు 29. బరువు 15 కిలోలు. ఆ బరువులో ఎక్కువ భాగం ఒక పక్కనే ఉంటుంది, ఎందుకంటే ట్రాన్స్‌ఫార్మర్ చాసిస్‌కి, అంటే భాగాలన్నీ బిగించే లోహపు చట్రానికి, ఒక చివర బిగించి ఉంది. ముందు గాజు డయల్, వెనక చిల్లులున్న పల్చటి హార్డ్‌బోర్డు మూత, లోపల బల్బుల్లాంటి గాజు వాల్వులు, కాగితం కోన్ ఉన్న స్పీకరు, పైన ఏళ్ల నాటి వార్నిష్. ఇన్ని నాజూకు వస్తువులు ఒకేచోట ఉన్నప్పుడు పెట్టె మీద ‘గాజు, జాగ్రత్త’ అని రాసి దేవుడి మీద భారం వేస్తే సరిపోదు. పార్సిళ్లు బెల్టుల మీద దొర్లుతాయి, వాటి మీద అంతకన్నా బరువైనవి పేరుస్తారు. ప్యాకింగ్ పరీక్షల్లో ఐఎస్‌టీఏ అనే అంతర్జాతీయ సంస్థ పెట్టిన 1ఏ పద్ధతి ఒకటుంది. దాని ప్రకారం సుమారు 19 నుంచి 28 కిలోల పార్సిల్‌ను 46 సెం.మీ. ఎత్తు నుంచి మూల మీద, అంచుల మీద, అన్ని ముఖాల మీద పడేసి చూస్తారు. ప్యాకింగ్ అంతా కలిపితే నాది 20 కిలోలు దాటుతుంది. అంటే దాదాపు మోకాలి ఎత్తు నుంచి పడ్డా లోపలి సరుకు బాగుండాలి.

అందుకే పెట్టెలో పెట్టె పద్ధతి ఎంచుకున్నాను. రేడియో చుట్టూ 5 సెం.మీ. ఫోమ్, ఆ పైన లోపలి పెట్టె, దాని చుట్టూ మళ్లీ 4 సెం.మీ. ఫోమ్, ఆ తర్వాత బయటి పెట్టె. లోపలి పెట్టెకే లోపలి కొలత 74×52×39 సెం.మీ. కావాలి.

ఈ కొలతలు పట్టుకుని పాత పెట్టెల వేట మొదలుపెట్టాను. మైక్రోవేవ్ ఓవెన్ పెట్టె అట్ట బాగుంటుంది, కానీ ఎత్తు చాలదు. ఇప్పటి టీవీల పెట్టెలు పొడవుగా, సన్నగా ఉంటాయి, రేడియో లోతు అందులో పట్టదు. వాషింగ్ మెషీన్ పెట్టెల్లో ఇద్దరు మనుషులు కూర్చోవచ్చు. కానీ నేను చూసినవాటి అట్ట పల్చన, బరువంతా కింది దిమ్మ, థర్మోకోల్ మోస్తున్నాయి. పెద్ద ప్రింటర్ పెట్టె ఒకటి కొలతకి దగ్గరగా వచ్చింది గానీ, అప్పటికే తడిసి ఆరింది. అట్టకి తేమ తగిలితే బలం పోతుంది, ఆరాక చూపుకి మామూలుగా కనిపించినా అంచులు మెత్తబడి ఉంటాయి. మూల దగ్గర బొటనవేలితో నొక్కితే లోపలికి పోయింది. వద్దనుకున్నాను.

ఈ తిరుగుడులో అట్టను చూడటం మాత్రం వచ్చింది. కోసిన అంచు చూస్తే రెండు చదును కాగితాల మధ్య అలలాంటి కాగితం కనిపిస్తుంది. ఒక అల వరస ఉంటే 3 ప్లై, రెండుంటే 5 ప్లై, మూడుంటే 7 ప్లై. ఈ బరువుకి 3 ప్లై చాలదు. ప్లై ఎక్కువైనంత మాత్రాన గట్టిదని కాదు, కాగితం నాసిరకమైతే 5 ప్లై కూడా మెత్తగా ఉంటుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, ఆ అలల గొట్టాలు పెట్టెలో నిలువుగా ఉండాలి. పైబరువు మోసేవి అవే. సరిపోతుంది కదా అని పెట్టెని పక్కకి పడుకోబెట్టి వాడితే ఆ గొట్టాలు అడ్డంగా అయిపోతాయి, మీద నాలుగు పార్సిళ్లు పడగానే గోడలు వంగుతాయి.

చివరికి చేయించుకోవడమే నయం అనిపించింది. అట్టపెట్టెలు చేసేవాళ్లకి ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న “ఎన్ని వేలు కావాలి?” రెండు పెట్టెలే అంటే అవతల ఫోన్ పెట్టేసే చప్పుడే. శాంపిల్ పెట్టెలు చేత్తో కోసే చిన్న యూనిట్ ఒకటి దొరికాక పని తేలికైంది. అక్కడ కొలతలన్నీ లోపలివే చెప్పాలి. 5 ప్లై అట్ట మందం సుమారు 6, 7 మి.మీ. ఉంటుంది, పైనా కిందా మడతలు రెండేసి పొరలుగా వస్తాయి. బయటి కొలత చెబితే ఫోమ్‌కి చోటు మిగలదు. పెట్టె అతుకు పిన్నులతో వేస్తామంటే జిగురుతో అతికించమన్నాను, పిన్ను మొన వార్నిష్ గీరుతుందని.

బయటి పెట్టె కొలత 85×66×50 దగ్గర తేలింది. కొరియర్ వాళ్లు పెట్టె పట్టే చోటుని కూడా బరువుగా లెక్కగడతారు. ఆ లెక్కలో మూడు కొలతల సెంటీమీటర్లని గుణించి 5000తో భాగిస్తే 56 కిలోలు! ఇరవై చిల్లర కిలోల పార్సిల్‌కి 56 కిలోల చార్జీ. ఒక్కో వైపు 2 సెం.మీ. తగ్గిస్తే 46కి దిగుతుంది, ఆ ఆశ పుట్టింది కూడా. తగ్గేది ఫోమే కదా అని మానుకున్నాను. రోడ్డు కార్గో వాళ్ల భాగహారం వేరే ఉంటుంది, అడిగితే నాకు అదే నయమైంది.

రేడియో సర్దడంలో పెద్దగా ఆలోచించాల్సింది చాసిస్ గురించే. దాని కింద రబ్బరు వాషర్లు ఉంటాయి. ఇన్నేళ్లకి అవి ఎండి పొడి అవుతాయి, చాసిస్ వదులై కుదుపుకి ఎగిరి డయల్ గాజుని కొడుతుంది. పెట్టె ఎంత గట్టిదైనా ఈ దెబ్బ ఆగదు. కొత్త వాషర్లు వేసి బోల్టులు బిగించాను. వాల్వులు తీసి, ఏది ఏ సాకెట్‌లోదో చీటీలు కట్టి, విడివిడిగా చుట్టి చిన్న డబ్బాలో పెట్టాను. నాబ్‌లు ఊడదీశాను. పాత వార్నిష్‌కి బబుల్ రాప్ నేరుగా తగిలితే బుడగల అచ్చులు పడతాయి, అందుకే ముందు మెత్తటి నూలు గుడ్డ చుట్టాను.

నింపడానికి థర్మోకోల్ తునకలు వాడలేదు. కుదుపులకి బరువైన వస్తువు వాటిని పక్కకి తోసుకుంటూ అడుగుకి చేరుతుంది. ఈపీఈ (పాలిథిన్ నురుగు) ఫోమ్ దిమ్మలు మూలల దగ్గర పెట్టాను. ముఖమంతా ఫోమ్ పరిస్తే మంచిదనిపిస్తుంది గానీ, బరువు అంత విస్తీర్ణం మీద పరుచుకుంటే ఫోమ్ నలగదు, నలగకపోతే దెబ్బ తీసుకోదు. డయల్ ముందు, వెనక మూత మధ్యలో ఏమీ ఆనకుండా ఖాళీ వదిలాను.

పార్సిల్ చేరాక కొన్నాయన ఫొటోలు పంపారు. బయటి పెట్టె మూల ఒకటి చెయ్యి పట్టేంత లోపలికి పోయింది. లోపలి పెట్టెకి గీత లేదు. డయల్ ముల్లుని కదిపే తాడు పుల్లీ మీంచి జారితే ఆయనే ఎక్కించుకున్నారు, వాల్వులు చీటీల ప్రకారం పెట్టాక సెట్ పాడింది. ట్రాన్స్‌ఫార్మర్ వైపు కింది ఫోమ్ దిమ్మ మాత్రం నలిగి మళ్లీ లేవలేదు. తర్వాతి రేడియోకి ఆ ఒక్క మూల కింద ఇంకా గట్టి రకం ఫోమ్ కావాలని యూనిట్ వాళ్లకి చెప్పి ఉంచాను.